ఇంటిదీపమా? పండుగదీపమా?



కార్తికమాసము ప్రవేశించినదనిన మా పెనుమూడి రేవున తెల్లవారకముందే సందడి మొదలగును. కృష్ణవేణి మా యూరి యొద్దకు వచ్చుసరికి సముద్రమునకు చేరువై, విశాలమై, మెల్లమెల్లగ నడచును. ఆవలి యొడ్డున పులిగడ్డ. దాని వెనుక దివిసీమ. ఒకప్పుడు జనులు పడవలమీద దాటుచుండిరి. ఇప్పుడు వారధి కలదు. మేము ఆ నీట స్నానమాడి, అరటిదొప్పలలో వత్తులు వెలిగించి ప్రవాహమున విడిచెదము. దొప్పలు వరుసగా కదలిపోవుచుండగా ఏది ఎవరిదో గుర్తుపట్టుటకు పిల్లలు పందెములు వేసికొందురు. ఇదంతయు మీకు తెలిసినదే. దీపమును గూర్చి తెలుగుటిల్లాలికి మరియొకరు చెప్పవలసిన దేమున్నది?

అట్లే మేమును తలంచియుంటిమి. కాని మాకు కొలదిదూరముననే, తెలుగే మాటాడుచు, మనవలెనే కూలినాలి చేసికొని బ్రదుకుచు, మన కార్తికదీపములు ముగిసిన పిదప వేరొక దీపోత్సవమును జరుపుకొను కుటుంబములు కొన్ని కలవని తెలిసికొన్నప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. ఆ యుత్సవపు నియమములలో ఒకటి మా యింటిలో ఏండ్ల తరబడి నిలిచియున్న యొక సందేహమునకు సమాధానము చెప్పినది. ఆ సంగతిని మీతో పంచుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా యూరినుండి రేపల్లెకు పోయి, తెనాలి మీదుగ చేబ్రోలు చేరవచ్చును. 2022 ఏప్రిలు 4 వ తేదినుండి మా రేపల్లె ప్రాంతము బాపట్ల జిల్లాలో చేరినది; చేబ్రోలు గుంటూరు జిల్లాలోనే యున్నది. జిల్లాలు వేరైనంతమాత్రమున పొరుగు పొరుగు కాకపోదు గదా! చేబ్రోలు పురాతనమైన యూరు. దేవాలయములకును శాసనములకును పేరుగాంచినది. దాని చెంతనే కొత్తరెడ్డిపాలెము. అచ్చట సుమారు నలువది కుటుంబములవారు తాము యూదులమని చెప్పుకొందురు. తమ సమాజమునకు బెనె ఎఫ్రాయీము అని పేరు పెట్టుకొనిరి. హీబ్రూ భాషలో ఆ మాటకు ఎఫ్రాయీము సంతతివారని యర్థము. పూర్వము ఇశ్రాయేలీయులలో పండ్రెండు గోత్రములుండెననియు, వానిలో పది చెదరిపోయెననియు యూదుల చరిత్ర చెప్పును. అట్లు చెదరిన వానిలో ఎఫ్రాయీము గోత్రము ఒకటి.

వీరు మాదిగ కులమున పుట్టినవారు. వీరి పెద్దలు క్రైస్తవులై యుండిరి. పిదప యాకోబి కుటుంబమువారు ముందునడువగా యూదుల యాచారములను చేపట్టి, 1991 లో ఒక చిన్న ప్రార్థనామందిరమును కట్టుకొనిరి. శనివారమున పని మానుటయు, హీబ్రూ అక్షరములు నేర్చుటయు, పస్కా మొదలగు పండుగలను జరుపుకొనుటయు వీరి వాడుక. శీతకాలమున వచ్చు దీపముల పండుగ పేరు హనుక్కా. వీరిని గూర్చి యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజు అను పరిశోధకులు వ్రాసిన గ్రంథము 2013 లో వెలువడినది. మా వారు బడిపంతులు, పుస్తకమన్నచో విడువరు. వారు చదివి సారాంశమును తెలుగున చెప్పగా మేము కూరలు తరుగుచు వింటిమి. విన్న పిదప మాకు ఆ పండుగను గూర్చి ఇంకను తెలిసికొనవలెననిపించినది.

హనుక్కా యను మాటకు ప్రతిష్ఠ యని యర్థము. తెలుగు బైబిలును చదువు క్రైస్తవ సోదరీమణులకు యోహాను సువార్తలోని ఆలయ ప్రతిష్ఠిత పండుగ యన్నచో వెంటనే తెలియును, ఇది యదియే. ఆ మాటకు మూలమైన ధాతువునుండియే హీబ్రూలో చదువు చెప్పుటకు వాడు పదమును పుట్టినదట. పిల్లవానికి అక్షరాభ్యాసము చేయుటయు గుడిలో దీపము నిలుపుటయు ఒకే ధాతువునుండి వచ్చిన మాటలగుట బడిపంతులు గారికి ఎంత సంతోషము కలిగించెనో మీరే యూహింపుడు.

కథ యేమనగా: క్రీస్తునకు పూర్వము 167 వ సంవత్సరమున సిరియా దేశము నేలుచుండిన గ్రీకురాజు అంతియొకసు యెరూషలేము దేవాలయమును వశపరచుకొని, అచ్చట తన దేవత పూజను నెలకొల్పి, యూదులు తమ యాచారములను పాటింపరాదని శాసించెను. పిల్లలకు తమ మతసంస్కారము చేయించిన తల్లులకు మరణదండన విధించిరని ఆ చరిత్ర చెప్పుచున్నది. మోదీను అను పల్లెలో మత్తతీయ అను వృద్ధయాజకుడును, అతని యైదుగురు కొడుకులును ఎదురు తిరిగిరి. వారిలో యూదా మక్కబీ సేనానియై, మూడేండ్లకు, అనగా క్రీ. పూ. 164 లో, ఆలయమును మరల సాధించెను. కిస్లేవు మాసము ఇరువదియైదవ దినమున ఆలయమును శుద్ధిచేసి, క్రొత్త బలిపీఠము కట్టి, ఎనిమిది దినములు ఉత్సవము చేసిరి.

విగ్రహములను కొలుచు మనము ఈ కథను విన్నప్పుడు ఒకింత తడబడుట సహజము. వారు ఆలయమునుండి తొలగించినది విగ్రహారాధననే కదా! ఆలోచించి చూడగా మాకు తోచిన దిది: అచ్చటి తగవు విగ్రహమునకును నిరాకారమునకును కాదు, ఒకరి పూజను మరియొకరిమీద బలవంతముగ రుద్దుటయే తగవు. మన తులసికోటను పెరికివేసి ఇకమీదట ఇట్లు మ్రొక్కుమని యెవరైన శాసించినచో మన మెట్లు బాధపడుదుమో వారును అట్లే బాధపడిరి.

ఆ విజయగాథను చెప్పు మక్కబీయుల మొదటి గ్రంథమున ఎనిమిది దినముల యుత్సవమే గాని నూనె ప్రసక్తి లేదు. నూనె కథ కొన్ని శతాబ్దములకు పిమ్మట తల్మూదు అను మహాగ్రంథమున కనబడును. ఆలయమును తెరచి చూడగా, అపవిత్రము గాక, ముద్ర చెడక మిగిలిన ఒలీవనూనె బుడ్డి ఒక్కటియే దొరకినదట. అది ఒక దినమునకే చాలును. అయినను వెలిగించిరి. అది ఎనిమిది దినములు వెలిగినదట. అందువలన ప్రతి సంవత్సరము ఎనిమిది రాత్రులు ఇంట దీపములు పెట్టుట ఏర్పడినది.

వారి మాసములును మనవలెనే చాంద్రమానము ననుసరించును. అమావాస్య వెళ్లగనే మాసము పుట్టును. మన యధికమాసమువలెనే పందొమ్మిదేండ్లలో ఏడు మారులు ఒక మాసమును కలుపుకొందురు. కావున కిస్లేవు ఇరువదియైదవ దినము బహుళపక్షమున కృష్ణైకాదశి ప్రాంతమున వచ్చును. తరచుగ మన మార్గశిర బహుళము, ఒక్కొక్కయేట కార్తిక బహుళము. 2025 లో డిశంబరు 14 వ తేది సాయంకాలము మొదటి దీపము. అమావాస్య ఆ ఎనిమిది రాత్రుల నడుమనే వచ్చినది. ఏ సంవత్సరము చూచినను ఇంతే. మన దీపావళివలెనే వారి పండుగయు చంద్రుడు లేని రాత్రిని వెదకికొనివచ్చును. ఆ దినములలో మన యిండ్ల ముంగిళ్లలో ధనుర్మాసపు ముగ్గులు మొదలగుచుండును.

మొదటి రాత్రి ఒక దీపము, రెండవ రాత్రి రెండు, ఇట్లు ఎనిమిదవ రాత్రికి ఎనిమిది. ఈ క్రమమును గూర్చి పూర్వము గొప్ప వాదము నడచినది. షమ్మాయి శిష్యులు మొదటి రాత్రియే ఎనిమిది వెలిగించి దినమునకొకటి చొప్పున తగ్గింపవలెననిరి. హిల్లేలు శిష్యులు ఒకటితో మొదలిడి పెంచవలెననిరి. పవిత్రమైన విషయమున పైకి పోవలెను గాని క్రిందికి దిగరాదని వారి తర్కము. హిల్లేలు పక్షమే నిలిచినది. గొప్పగ మొదలుపెట్టి మూడవనాటికి విడిచిపెట్టు మన నోములను తలచుకొన్నచో ఇందలి లోకజ్ఞానము బోధపడును. పేదయింటికిని మొదటిదినమున ఒక్క దీపమే చాలును. మరునాటి దీపమును గూర్చి మరునాడు చూచుకొనవచ్చును.

ఈ దీపములను వాడుకొనరాదు. అనగా ఆ వెలుతురున చదువరాదు, కుట్టరాదు, డబ్బు లెక్కింపరాదు. చూచుటకే యవి. అందుకై ప్రక్కగనో పైగనో తొమ్మిదవ దీపము నొకదానిని ఉంచుదురు. దాని పేరు షమాషు, పరిచారకుడని యర్థము. తక్కిన దీపములను వెలిగించునది అదియే. ఇంటిలో ఏదైన పని పడినచో ఆ వెలుతురే యుపయోగము. ఎనిమిది రాత్రుల దీపములు కలిపి ముప్పదియారు. రాత్రికొక పరిచారకుని చేర్చినచో నలువదినాలుగు. పండుగలెక్క ముప్పదియారే, పరిచారకుడు లెక్కలోనికి రాడు.

ఈ మాట విన్నప్పుడు మాకు నవ్వు వచ్చినది. ఇంటికి దీపమిల్లాలని మనవారు చెప్పుదురు. ఏ దీపమో చెప్పలేదు! పండుగనాడు అందరికంటె ముందు లేచి, అందరి దీపములను వెలిగించి, చివరకు లెక్కకు రాని దీపము మనమే గదా యని మేమనగా, మా వారు నవ్వలేదు. కొంతసేపు ఊరకుండి, ఇంకొక నియమమును చెప్పిరి. హనుక్కా దీపములు వెలుగుచున్నంతసేపు, కనీసము అరగంట, స్త్రీలు ఇంటిపని ముట్టుకొనరాదని వారి వాడుక. దానికి వారు చెప్పు కారణము, ఆనాటి సంకటములోను విముక్తిలోను స్త్రీలకును భాగము కలదని. అందువలననే దీపము వెలిగించు విధి పురుషులకువలెనే స్త్రీలకును కలదని తల్మూదు చెప్పును. ట్యునీషియా మొదలగు ఉత్తరాఫ్రికా దేశములలో ఈ ఎనిమిది దినములలోపల వచ్చు నెలపొడుపు దినమును కూతుళ్ల పండుగయని పిలిచి, ఆడపిల్లలకు కానుక లిచ్చుచుండిరి.

నూనె మహిమను తలచుకొనుటకై నూనెలో వేచిన పిండివంటలు తినుట మరియొక వాడుక. ఐరోపావారు బంగాళాదుంపల యట్లు వేచుదురు. ఇశ్రాయేలులో మిఠాయి నింపిన బూరెలవంటివి చేయుదురు. పిల్లలు నాలుగు ముఖముల బొంగరమును త్రిప్పి ఆడుదురు. గారెలు, బూరెలు, బొంగరములు! దూరపు పండుగ యని యెట్లనగలము?

మన దేశమున యూదులు ఎన్నియో శతాబ్దములనుండి కలరు. కొచ్చిలోని మట్టాంచేరి ప్రార్థనామందిరము 1568 లో కట్టినది. కొంకణతీరపు బెనె ఇశ్రాయేలీయుల సంగతి మరియు చిత్రమైనది. వారు పల్లెలలో గానుగలాడించి నూనె తీయువారు; శనివారము గానుగ కట్టరు గావున వారిని శనివారపు తేలీలని పిలుచుచుండిరి. అట్లు నూనె తీయుటయే వృత్తిగా గల యా యూదులకు ఈ నూనెపండుగ మాత్రము తెలియకుండెను! మక్కబీయుల విజయమునకు పూర్వమే తమ పెద్దలు ఓడలెక్కి వచ్చుటయే కారణమని వారి విశ్వాసము. తరువాతికాలమున ఇతర యూదుల వలన నేర్చుకొనిరి. పండుగ తెలియనిదినములలోను వారు శనివారమును మరువలేదు.

కొత్తరెడ్డిపాలెమువారి స్థితి వేరు. మణిపురము, మిజోరాము రాష్ట్రములలోని బెనె మనష్షే యను వారిని 2005 లో ఇశ్రాయేలు ప్రధాన ధర్మాచార్యులలో నొకరు పూర్వగోత్రపు సంతతియని యంగీకరించిరి. వారిలో పెక్కుమంది మతదీక్ష పొంది ఆ దేశమునకు పోయిరి. మన తెలుగువారికి అట్టి యంగీకారము ఇంతవరకు లభింపలేదు. వారు చెప్పు వంశకథ చరిత్రకు నిలుచునా నిలువదా యని పండితులు విచారింతురు. ఆ విచారణ మా పని కాదు. తరతరములు ఊరివెలుపల నుంచబడినవారు, తమ తాతముత్తాతలకును ఒక గౌరవమైన కథ కలదని చెప్పుకొనుటలోని యాకలి మాత్రము మాకు తెలియును. హనుక్కా దీపమును వీధివైపున, వాకిటియందో కిటికీయందో, పోవువారు చూచునట్లు పెట్టవలెనని నియమము. ఆపద కాలమైనచో లోపల బల్లమీద పెట్టినను చాలునని సడలింపు. ఎవరు చూచినను చూడకపోయినను వాకిట దీపము పెట్టుట కొత్తరెడ్డిపాలెమున ఒక కూలియింటి తల్లికి ఎంత మాటయో ఆలోచింపుడు.

ఇక మేము చెప్పదలచిన ముఖ్యమైన నియమము. హనుక్కా దీపము ఎంత గొప్పదనగా, బిచ్చమెత్తి బ్రదుకువాడైనను అప్పు చేసియో, కట్టిన బట్టను అమ్మియో నూనె తెచ్చి వెలిగింపవలెనని 12 వ శతాబ్దపు మహాపండితుడు మైమొనిడీసు వ్రాసెను. అంత గొప్ప దీపము! కాని, చేతిలో ఒక్క దీపమునకే సరిపడు నూనె యున్నది, శుక్రవారము సాయంకాలము, విశ్రాంతిదినమునకు ఇంటిలో వెలుగుకొరకు పెట్టు దీపమును కావలెను, పండుగదీపమును కావలెను. ఏది వెలిగింపవలెను? ఇంటిదీపమే వెలిగింపవలెనని నాలుగవ శతాబ్దమున రవా యను ఆచార్యుడు తీర్పు చెప్పెను. కారణము, ఇంటిశాంతి. ఇంటివారు చీకటిలో కూర్చుండి భోజనము చేయుచు, తడుముకొనుచు, కష్టపడుచుండగా వెలుపల వెలుగు దీపము పండుగదీపము కాదని వారి భావము. మైమొనిడీసు హనుక్కా ధర్మములను ముగించుచు ఈ తీర్పునే చివర నిలిపి, శాంతి మిక్కిలి గొప్పదని చెప్పెను.

ఇది విన్న మాకు చేతిలోని కత్తిపీట కదలలేదు. మా యింటి కథ జ్ఞప్తికి వచ్చినది.

1977 నవంబరు 19 వ తేది. దివిసీమ ఉప్పెన యన్నచో తెలుగువారిలో ఎరుగనివారుండరు. ప్రభుత్వపు లెక్కలే మృతులు పదివేలకు పైబడిరని చెప్పినవి. నదికి ఈవలనున్న మా రేపల్లె ప్రాంతమును గాలివాన విడువలేదు. అది కార్తికమాసము, దీపావళి వెళ్లి వారము దాటినది. మా అత్తగారు అప్పటికి పదునెనిమిదేండ్ల క్రొత్తకోడలు. ఇంటి పెత్తనము ఆమె అత్తగారిది, అనగా మా వారి నాయనమ్మగారిది. ఆమె మడి యాచారము గట్టిగ పాటించునది. కార్తికమున ఒంటిపూట భోజనము. పూర్ణిమనాడు మూడువందల అరువదియైదు వత్తులు వెలిగించుటకై గానుగనుండి తెప్పించిన నువ్వులనూనెను జాడీలో పోసి, గుడ్డ కట్టి, దేవునిగదిలో ఉంచియుండెను. ఆ జాడీని కోడలిచేతనైనను ముట్టనీయదట.

మధ్యాహ్నమునుండి గాలి హెచ్చినది. చీకటిపడుసరికి తాళ్లు నడిమికి విరిగిపడుచున్న చప్పుడు. పల్లెలోని పాకల కప్పులు లేచిపోయినవి. మాది పెంకుటిల్లు, ఎత్తైన అరుగు. మోకాలిలోతు నీటిలో పల్లెవారు పిల్లలను భుజముల నెత్తుకొని వచ్చి అరుగుక్రింద నిలిచిరట. పైకి రమ్మని అడుగలేదు. అడుగుట వారికి అలవాటు లేదు. నాయనమ్మగారు తలుపు తీసి, క్షణము చూచి, ఆడవారిని పిల్లలను లోనికి రమ్మని పిలిచినది. ముప్పదిమందికి తక్కువ యుండరట. ఆ యింటిలో వారు గడప దాటుట అదే మొదటిసారి.

నడిరేయికి లాంతరులలో కిరసనాయిలు అయిపోయినది. డబ్బా వసారాలోని నీటిలో పడి చెడినది. పెంకులు లేచిపోవుచున్నవి, ఇంటిదూలము ఒకటి ఒరిగినది, పిల్లలు చీకటిలో తల్లులను వెదకుకొని యేడ్చుచున్నారు, ఎవరి బిడ్డ యెవరి చేతనున్నదో తెలియదు. అప్పుడు నాయనమ్మగారు లేచి దేవునిగదిలోనికి పోయి జాడీ తెచ్చినది. లోతైన ఇత్తడిగిన్నెలో నూనె పోసి, లావుపాటి వత్తివేసి, గాలి తగులకుండ ధాన్యపు గంప అడ్డము పెట్టి వెలిగించినది. ఆ వెలుతురున తల్లులు తమ పిల్లలను లెక్కపెట్టుకొనిరి. అందరును ఉండిరి.

తరువాత నాలుగైదు రాత్రులు ఊరిలో కిరసనాయిలు లేదు. ఆ జాడీనూనెయే వెలిగినది. యెరూషలేము బుడ్డివలె మా జాడీలో అద్భుత మేమియు జరుగలేదు. నూనె అయిపోయినది. పూర్ణిమనాటికి అడుగున అంటియున్న జిడ్డుతో ఒక్క వత్తిని తడిపి, తులసికోట కొట్టుకొనిపోయిన చోట పెట్టి నాయనమ్మగారు దండము పెట్టుకొనినదట.

నీరు తీసిన పిమ్మట బంధువులు వచ్చిరి. పల్లెవారిని ఇంటిలోనికి రానిచ్చినదని కొందరు, దేవుని నూనెను వాడినదని కొందరు ముఖము ముందరనే యనిరట. మొదటి మాటకు ఆమె, ప్రాణముమీదికి వచ్చినప్పుడు గడప యేమి చేయునని బదులు చెప్పినది. దానిని గూర్చి ఎన్నడును విచారింపలేదు. రెండవ మాట మాత్రము ఆమె మనసున ముల్లువలె దిగినది. దేవునిదని తీసియుంచిన దానిని మనుష్యులకు వాడితినే, దోషమేమో యని ప్రతి కార్తికమునను అనుకొనుచుండెనట. పురాణము చెప్పువారిని అడిగినది, వారొక ప్రాయశ్చిత్తము చెప్పిరి, చేసినది. అయినను సందేహము తీరలేదు. అవసానదశలోను కోడలిని పిలిచి, నా పేర ఆ మూడువందల అరువదియైదు వత్తులు ఏటేట వెలిగింపుమని చేతిలో చేయి వేయించుకొన్నది. మా అత్తగారు ఇన్నేండ్లును ఆ మాట నిలుపుకొనుచున్నది.

ఆ సాయంకాలము మా అత్తగారు అరుగుమీద వత్తులు చేసికొనుచుండ మేము ప్రక్కన కూర్చుండి కొత్తరెడ్డిపాలెమువారి సంగతి మొదలుకొని ఇంటిదీపపు తీర్పువరకు చెప్పితిమి. ఆమె చేతిలోని ప్రత్తిని ఒడిలో పెట్టుకొని వినినది.

"అయితే ముందు ఇంట్లో దీపమే పెట్టమన్నారా?" అని యడిగినది.

"అవునత్తయ్యా. ఇంట్లోవాళ్లు చీకట్లో ఉండకూడదన్నారు."

"ఎన్నాళ్ల కిందటి మాట ఇది?"

"పదహారువందల ఏళ్లు దాటిందత్తయ్యా."

ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "ఈ మాట మా అత్తగారు బ్రతికుండగా ఎవరైనా చెబితే బాగుండేదమ్మా. పాపం, ఆవిడ ఎంత బాధపడిందో," అని కన్నులు తుడుచుకొన్నది.

మన ధర్మశాస్త్రములలో ఆపద్ధర్మము లేదని కాదు. రంతిదేవుడు నలువదియెనిమిది దినములు పస్తుండి, చివరకు దొరకిన అన్నమును, నీటిని ఆర్తులకు ధారపోసిన కథను భాగవతమున చదువని వారమా? ఆ కథ నాయనమ్మగారికిని కంఠస్థమే. కాని రాజులు చేసిన త్యాగము కథయగును. ఇల్లాలు వంటింటిలో చేసిన నిర్ణయము తప్పేమో యని సందేహమగును. ఆమెకు కావలసినది గొప్ప కథ కాదు. నూనె జాడీ చేతబట్టుకొని నిలిచిన ఆడుదానికి, ఈ దీపము ముందు, ఆ దీపము తరువాత యని స్పష్టముగ చెప్పు చిన్న మాట. అట్టి చిన్నమాటను ధర్మగ్రంథమున వ్రాసిపెట్టుకొనినందుకు ఆ జాతిని మేము గౌరవించుచున్నాము. ఒలీవనూనె బుడ్డి ఎనిమిది దినములు వెలిగినదను కథకంటెను మాకు ఈ తీర్పే గొప్పగ తోచినది.

పండుగ వచ్చినదనిన మన యిండ్లలో జరుగునది మీకు తెలియనిది కాదు. పిండివంటల లెక్క తగ్గరాదు, తోరణము తప్పరాదు, ఈ హడావుడిలో పసిబిడ్డ ఆకలి, ముసలివారి మందు, కోడలి జ్వరము వెనుకబడును. అప్పు చేసి వెండిదీపములు కొని, ఆ యప్పునుగూర్చి పండుగనాడే భార్యాభర్తలు తగవులాడుకొనిన యిండ్లను మేమెరుగుదుము. పండుగదీపము వెలుగుచునే యుండును, ఇంటిదీపము ఆరిపోవును. దీపములలో వరుస తప్పినచో ఇట్లగును.

ఈ కార్తిక పూర్ణిమనాడు మా అత్తగారు ఎప్పటివలెనే వత్తులకట్టను సిద్ధము చేసినది. రేవునకు బయలుదేరుటకు ముందు వంటింటిలోనికి పోయి, పొయ్యిప్రక్క గూటిలో ఒక చిన్న ప్రమిద పెట్టి వెలిగించినది. విద్యుద్దీపములున్న యింటిలో ఆ ప్రమిదకు పనియేమని మా చిన్నవాడు అడుగగా, "ఇది మీ ముత్తవ్వది రా, ఇది ముందు," అని మాత్రము చెప్పినది. నాయనమ్మగారికి ఇచ్చిన మాట ఎట్లును తప్పలేదు. మూడువందల అరువదియైదు వత్తులును తరువాత నదియొడ్డున వెలిగినవి.

రేవునుండి తిరిగి వచ్చుసరికి గూటిలోని ప్రమిద ఇంకను వెలుగుచునే యున్నది. మేము వంటకు లేవబోగా అత్తగారు చేయిపట్టి కూర్చుండబెట్టినది. "అరగంట పని ముట్టుకోకూడదన్నారుగా వాళ్లు," అన్నది. మా వారు లోపలికి పోయి బియ్యము కడిగిరి. అత్తాకోడండ్ర మిద్దరమును ఆ దీపము కొండెక్కునంతవరకు ఏ పనియు లేక చూచుచు కూర్చుంటిమి. మా యింటికి వచ్చిన పదునాలుగేండ్లలో పండుగనాడు అట్లు కూర్చుండుట మాకు అదే మొదలు. సోదరీమణులారా, మీ యిండ్లలోను ఒక సాయంకాలము అట్లు కూర్చుండి చూడుడు.